మొఖం వచ్చేదాకా లేవద్దు

ఇందులో రాసిన ప్రతి ముక్కా నిజం. ఉత్త నోటితో చెబితే నన్నెరిగినవాళ్ళు నమ్మరు గనుక ప్రమాణం చేసి మొదలుపెడుతున్నాను. బొగ్గుబాయిలో తట్ట మోసిన మా బాపు భుజం మీద ఒట్టు. ఆ భుజానికి మా అవ్వ, అంటే మా అమ్మ, రాసిన ఆముదం మీద ఒట్టు. ఇంతకుముందు నేను చెప్పిన సంగతుల లెక్క వేరు. ఆదిలాబాద్ ఘాట్‌లో పులి బస్సు ఆపి కండక్టర్ని కిటికీ సీటు అడిగిందనీ, పెద్దపల్లి స్టేషన్లో రైలు నన్ను మరిచిపోయి మళ్ళీ వెనక్కి వచ్చిందనీ చెప్పింది పెళ్ళి ఇళ్ళలో కరెంటు పోయినప్పుడు జనం లేచిపోకుండా ఉండటానికి. ఇది అట్లాంటిది కాదు. ఇది పగ. పగ విషయంలో నేను అబద్ధమాడను.

మాది గోదావరి ఒడ్డున బొగ్గుబాయిల కాలనీ. కంపెనీ క్వార్టర్లలో పక్కింటివాళ్ళు బిలాస్‌పూర్ నుంచి వచ్చినవాళ్ళు, వెనకింటివాళ్ళు శ్రీకాకుళం వాళ్ళు, ఎదురింట్లో ఉర్దూ. ఒకే కొట్లాట నాలుగు ఇళ్ళలో నాలుగు రకాల కథై వినిపించేది. చదువు అబ్బలేదు గాని ఈ విద్య అబ్బింది. కరీంనగర్ వచ్చి పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసే షాపులో చేరాను. కొన్నేళ్ళకు షాపు యజమాని విసిగిపోయి వేరే వ్యాపారానికి పోతే, నేను అక్కడే మిగిలిపోయాను.

మా షాపులో కెమెరా పట్టే ఆమెది ఆదిలాబాద్ దిక్కున బోథ్ ఊరు. మెథడిస్టు కుటుంబం. తండ్రికి పత్తి చేను, తల్లి చర్చిలో ఆడవాళ్ళ కూటానికి పెద్ద. పెళ్ళికూతురిని ముస్తాబు చేసే గదిలోకి మగవాళ్ళ కెమెరాను రానివ్వరు. అందుకని కెమెరా తెలిసిన ఆడమనిషి కావాలని వెతికితే, పెళ్ళిళ్ళు ముమ్మరంగా ఉన్న ఒక మాఘమాసంలో ఈమె వచ్చింది. మాఘం అయిపోయింది, ఈమె పోలేదు. షాపు పైన రెండు గదులు, ఒకటే పొయ్యి. లోకం మమ్మల్ని అక్కాచెల్లెళ్ళు అనుకుంటే కాదనలేదు, దోస్తులు అనుకుంటే ఔననలేదు. మా అవ్వ మాత్రం ఏమీ అనుకోకుండా రెండు పళ్ళాల్లో బువ్వ పెట్టేది. ఇప్పటికీ ఆమెను "బోథ్ పిల్ల" అనే పిలుస్తుంది, ఆ పిల్లకు నలభై దాటి తల నెరిసినా.

పెళ్ళిళ్ళుండని మూఢం రోజుల్లో కెమెరా ఖాళీగా ఉంటుంది. రెండు మూడు మూఢాల్లో మేమొక సినిమా తీశాం. కథ నాది, చూపు ఆమెది. చొప్పదండిలో జాకెట్లు కుట్టే ఒకామె. ఒకే జాకెట్టును మళ్ళీ మళ్ళీ విప్పించి కుట్టించుకోవడానికి వచ్చే ఇంకొకామె. ఒకసారి భుజం బిగుతంటుంది, ఇంకోసారి చెయ్యి వదులంటుంది. ఇక విప్పడానికి ఆ గుడ్డలో బలం మిగలనప్పుడు ఇద్దరికీ సంగతి అర్థమవుతుంది. చివరికి ఒక పెళ్ళి విందులో అందరి మధ్యా ఇద్దరూ ఒకే పళ్ళెంలో తింటారు. అంతే సినిమా.

"ఎవలన్న సస్తెగాని మనోళ్ళు సిన్మా అనరే," అన్నాను నేను.

"మనం సచ్చే సిన్మాలు మస్తున్నయ్. గిండ్ల మాత్రం ఎవ్వలు సావరు," అంది బోథ్ ఆమె.

సినిమా బెంగుళూరు పోయింది, కోల్‌కతా పోయింది, పుణే పోయింది. అక్కడ ఆడవాళ్ళు చేతి డబ్బుతో తీసుకున్న ఇలాంటి సినిమాలను ఏడాదికోసారి చిన్న హాళ్ళలో చూపిస్తారు. బోర్డు మీద భయం లేకుండా లెస్బియన్ సినిమా అని రాస్తారు. మమ్మల్ని వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పారు. నేను ఆ శాలువా ఇంటికి రాగానే మా అవ్వకిచ్చాను. పుణేలో సినిమా తీసే ఒక పెద్దావిడ భోజనాల దగ్గర నిట్టూర్చింది, ఎక్కడికి పోయినా చూసేది మనమే, చప్పట్లు కొట్టేది మనమే, మన పక్కింటామె ఎప్పుడు చూస్తుందీ అని. బోథ్ ఆమె ఆ మాటను రైలెక్కించుకొని కరీంనగర్ దాకా తెచ్చుకుంది.

"జాకెట్టు బిగుతన్న కాడ వాళ్ళు నవ్వలే," అంది. "కింద ఇంగ్లీషు సదువుకుంటున్రు. మన ఆడోళ్ళైతే నవ్వుతరు. నాకు ఒక్కసారి సాలు. మన దగ్గర, మనోళ్ళ ముంగట, మొదటి సంది ఆఖరి దాక. ఆ పల్లెంల తినేది సూడాలె వాళ్ళు. తర్వాత తిట్టనీ."

ఆమె ఇంతకుముందు నన్నేదీ అడగలేదు. అది గుర్తుపెట్టుకోండి, నాకెందుకంత కోపం వచ్చిందో తెలుస్తుంది.

బైపాస్ రోడ్డు మీద ఒక ఫంక్షన్ హాలుంది. దాని సేటు ఊళ్ళో షార్ట్ ఫిలింలు తీసే కుర్రాళ్ళ సంఘానికి కూడా పెద్ద. దండలు వేయించుకోవడం, బహుమతులివ్వడం ఆయనకిష్టం. ఆయన హాల్లో ఎన్నో పెళ్ళిళ్ళు తీశాం గనుక ధైర్యం చేసి అడిగాం.

"ఏం సిన్మా చెల్లె?"

"ఆడోళ్ళ సిన్మా సేటూ."

"అట్లైతె మంచిగనే ఉంటది. మా సంఘం బ్యానర్ గూడ కడ్దాం."

ఒక ఆదివారం మధ్యాహ్నం వేశాం. జాకెట్టు దాకా బాగానే నడిచింది. తర్వాత ఆ వచ్చినామె దర్జీ ఆమె ఒళ్ళో తల పెట్టుకుంటుంది, దర్జీ ఆమె ఆ జుట్టులో అంటుకున్న దారపు ముక్కలు ఒక్కొక్కటే ఏరుతుంది. అక్కడ తెర నల్లగా అయిపోయింది. కరెంటు పోయిందనుకున్నాను. సేటు మెయిన్ స్విచ్ దగ్గరున్నాడు. లైట్లు వేయించి మైకు పట్టుకున్నాడు.

"అమ్మలారా, నన్ను మాఫ్ చెయ్యిండ్రి. గిది సంసారుల సిన్మా కాదు. నాకు ఎర్కలేక హాలిచ్చిన." ఆ తర్వాత బోథ్ ఆమె వైపు తిరిగాడు. "ఏమ్మా, మీ ఇద్దరి సంగతి కరీంనగర్‌కు ఎర్క లేదనుకున్నరా? గిసొంటోళ్ళు కెమెరా పట్టుకొని మా ఆడపిల్లలు సీరలు కట్టుకునే రూములకు వస్తున్నరు. సూసుకోండ్రి మరి."

జనం చూసుకున్నారు. బోథ్ ఆమె కెమెరా స్టాండు మడుస్తుంటే ఒక కాలు మడత పడలేదు. రెండు కాళ్ళు మడిచి, ఒక కాలు అట్లాగే చాపి, హాలు పొడుగునా ఈడ్చుకుంటూ బయటికి వచ్చింది. ఆ గచ్చు మీద ఇనుము గీసిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఆ పెళ్ళిళ్ళ సీజనులో మమ్మల్ని పిలిచినవాళ్ళంతా ఒక్కొక్కరే ఫోన్ చేశారు. ఒకరి బావమరిది కెమెరా కొన్నాడట. ఒకరికి వీడియో అచ్చిరాదట. బోథ్ ఆమె, నేను సినిమా మాటెత్తితే కూరలో ఉప్పు చూసుకునేది. కెమెరాను చీరలో చుట్టి అటక మీద పెట్టింది. ఆ రోజు నేను సేటు వంశం మీద మన్ను పోశాను. నోటితో కాదు, మనసులో. నోటితో పోస్తే చల్లారిపోతుంది.

మొదట నాకు తెలిసిన విద్యనే వాడాను. ఆ హాలు వంటింట్లో ఒక పెళ్ళికూతురు దయ్యం ఉందనీ, ముహూర్తం వేళకు బగారన్నం వండే డేగిసా మూత దానంతటదే లేస్తుందనీ, మటన్‌లో మూలుగున్న నల్లి బొక్కలన్నీ గిన్నెలోనే చీకబడి ఉంటాయనీ బ్యూటీ పార్లర్లలో, పూల కొట్ల దగ్గర చెప్పి వచ్చాను. ఒకామెకు చెబితే ఆమె నాకే తిరిగి చెప్పింది, ఆ దయ్యం కాళ్ళకు మట్టెలు కూడా ఉన్నాయట. పని జరుగుతోందని సంతోషపడ్డాను. తీరా చూస్తే ఆ దయ్యాన్ని చూడటానికే జనం హాలు బుక్ చేస్తున్నారు. సేటు కొత్త రంగులు వేయించాడు. నా అబద్ధం ఆయనకు అన్నం పెట్టింది. నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు.

అట్లా ఉండగా ఒక పొద్దున షాపు షట్టర్ ఎత్తబోతే మెట్ల మీద సేటు వాళ్ళ అవ్వ, ఆయన కన్నతల్లి, కూర్చొని ఉంది.

ఈ పెద్దవ్వ గురించి చెప్పాలి. కొడుకు హాల్లో ఏ పెళ్ళి జరిగినా, ఎవరి పెళ్ళయినా, వంటింటి గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని కూర్చుంటుంది. కెమెరా లైటు వెలగ్గానే లేస్తుంది. తలంబ్రాల దగ్గర వధూవరుల మధ్య నుంచి తొంగి చూస్తుంది. అప్పగింతలప్పుడు పెళ్ళికూతురి తల్లికంటే ముందు ఏడుస్తుంది. వీడియో మిక్సింగ్‌కు వచ్చినప్పుడు పెళ్ళివాళ్ళు నా పక్కన కూర్చొని ఒకటే మాట, "ఈ ముసలామె ఎవలు? మా చుట్టం కాదు, తీసెయ్." తీసేసేదాన్ని. రాను రాను ఎవరూ అడగకపోయినా నా చెయ్యి దానంతటదే ఆమెను కోసేసేది. వాళ్ళ వీడియో, వాళ్ళ ఇష్టం.

"ఏమే క్యాసెట్లామే!" అంది పెద్దవ్వ. "నా మొఖం నీకేం పాపం జేసిందే?"

"ఏమైంది పెద్దవ్వా?"

"నా కొడుకు హాల్ల ఎన్ని లగ్గాలాయె. ప్రతి లగ్గంల కెమెరా ముంగట నిలవడితి. మొన్న నా మన్మరాలి అత్తగారింట్ల, అప్పట్ల మీరు తీసిన వాళ్ళింటి లగ్గం పెన్‌డ్రైవ్ ఏసిండ్రు. పొద్దుగాల సంది కూసున్న, నడుం వట్టుకపోయింది. ఆఖరికి నా చెయ్యి వచ్చింది. ఉత్త చెయ్యి! లడ్డు వట్టుకున్న చెయ్యి! మొఖమేదే?"

"ఆ చెయ్యి నీదేనని ఎట్ల గుర్తువట్టినవ్?"

"నా గాజులు నాకెర్కలేదా? నవ్వకు. మా యారాండ్ల మొఖాలన్నీ వచ్చినయ్. ఒకదాని మొఖమైతే రెండుసార్లు. 'అక్కా, నువ్వు లగ్గానికే పోలేదు గావచ్చు' అని ఎక్కిరిస్తున్రు నన్ను."

మా దిక్కు మనుషులకు ఇది చిన్న విషయం కాదు. పెళ్ళి వీడియో ఇంటికొచ్చిన రోజు చుట్టాలందరినీ మళ్ళీ పిలుస్తారు. చాపలు పరుస్తారు, చాయ్ కాస్తారు. మంత్రాలు ఎవరూ వినరు, పెళ్ళికొడుకును ఎవరూ చూడరు. అందరూ చూసేది తమ మొఖం కోసమే. నేనెప్పుడొస్త, నేనెప్పుడొస్త అనుకుంటూ పొయ్యి మీద పప్పు మాడినా లేవరు. మొఖం రాకపోతే, పెళ్ళిలో మర్యాద జరగనట్టే లెక్క. మా మేనత్త ఒకామె ఆ కోపంతో అన్న చావుకు కూడా దూరంగా నిలబడింది. పిల్లలు అలుగుతారు, ఆడబిడ్డలు అలుగుతారు, వియ్యంకులు పెట్టిపోతలు మరిచిపోయి ఈ సంగతి గుర్తుపెట్టుకుంటారు. ఈ పనిలో ఉండి ఇన్నేళ్ళు దీన్నొక పీడ అనుకున్నాను. ఆ పొద్దున పెద్దవ్వ గాజుల చేతిని చూస్తూ నిలబడితే, అది పీడ కాదు, తాళంచెవి అని తోచింది.

"పెద్దవ్వా, ఎవలదో పెండ్లిల మొఖం ఎందుకు? సిన్మాల పెడత నిన్ను."

ఆమె మెట్ల మీద సర్దుకొని కూర్చుంది. "ఉత్తగ అంటున్నవా?"

"ఒట్టు."

"కొయ్యవు గదా?"

"కొయ్య."

పైకి పోయి బోథ్ ఆమెకు చెప్పాను. ఆఖరి విందు మళ్ళీ తీద్దాం, ఊరి ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి తీద్దాం, తమ మొఖం వచ్చేదాకా ఎవ్వరూ లేవరు, ఎవ్వర్నీ సినిమా ఆపనివ్వరు. అందులోనూ సేటు తల్లి. ఆమె నా మాటంతా విని కోపంతో ఎర్రబడింది.

"ముసలామెను మోసం జేసి పగ తీర్సుకుంటవా? నా సిన్మాను అడ్డం వెట్టుకొని?"

"మోసమెందుకు, చెప్పే తీద్దాం."

"నేనే చెప్త. ఒక్క మాట దాచ. ఇని పోతనంటే పోనియ్యాలె."

"పోనిస్త."

"నీ నోరు నమ్మ. నువ్వు వంట కాడ ఉండు," అని అటక మీది కెమెరా దింపింది. నాకంతకంటే కావలసిందేముంది.

చొప్పదండిలో మా సినిమాలో దర్జీగా వేసినామె ఇంటి వాకిట్లో షామియానా కట్టాం. బగారన్నం, మటన్, పుంటికూర, పెరుగు. పెద్దవ్వ నగలన్నీ పెట్టుకొని, తన వాడకట్టు ఆడవాళ్ళందరినీ ట్రాలీ ఆటోల్లో ఎక్కించుకొని పెళ్ళిబృందంలా దిగింది. వడ్డన మొదలయ్యే ముందు బోథ్ ఆమె కుర్చీ ఎక్కి నిలబడింది. ఆమె నలుగురిలో మాట్లాడే మనిషి కాదు. చీర కుచ్చెళ్ళు రెండుసార్లు సర్దుకుంది.

"అక్కా, అవ్వా, జర ఇనుర్రి. గిది ఇద్దరాడోళ్ళు కలిసి బతికే కథ. ఇష్టం లేనోళ్ళు బువ్వ తిని పోవచ్చు, కెమెరా మీ దిక్కు తిప్ప."

"అక్కచెల్లెండ్లా?" అని ఎవరో అడిగారు.

"కాదక్కా. ఆలుమగల లెక్క."

గంటెల చప్పుడు ఆగిపోయింది. ఒకామె పక్కామె మొఖం చూసింది, ఆ పక్కామె పళ్ళెం చూసుకుంది. కొందరు కొంగు దులుపుకొని లేచారు. వాళ్ళు లేస్తే మిగతావాళ్ళూ లేచేలా ఉన్నారు. అప్పుడు పెద్దవ్వ నోరు విప్పింది.

"నా మొగడు బతికున్నన్నొద్దులు నా పక్కన కూసోని బుక్కెడు తిన్నది లేదు. ఆయన తిన్నంక, ఆయన తిన్న కంచంల నేను. గీళ్ళిద్దరు పక్కపక్కన కూసోని ఒక్క పల్లెంల తింటరట. తిననియ్యిండ్రి. మీకేం పోతది? కూసోండ్రే, తునకలు సల్లగైతయ్."

పోయినవాళ్ళు పోయారు. ఎక్కువమంది కూర్చున్నారు. కెమెరా తిరిగింది. సినిమాలో ఇద్దరూ ఒకే పళ్ళెంలో అన్నం కలుపుతున్నారు. ఎవరూ చెప్పలేదు, ఎక్కడా రాసుకోలేదు, పెద్దవ్వ తన పళ్ళెంలోంచి ఒక నల్లి బొక్క తీసి, వెనక నుంచి వంగి, వాళ్ళ పళ్ళెంలో వేసింది.

"ఒక్కటే ఉన్నది. జగడమాడకుండ పంచుకోండ్రి బిడ్డా," అని కెమెరాలోకి చూసి నవ్వింది.

కెమెరా వెనక బోథ్ ఆమె కళ్ళు తుడుచుకోవడానికి కూడా చెయ్యి తీయలేదు, బొమ్మ కదులుతుందని.

తర్వాత పని నాది. షాపులో కూర్చొని, నేర్చిన పనితనమంతా పగలో పెట్టాను. ఒక్క మొఖాన్నీ వదల్లేదు. అందరినీ విందు పొడుగునా పరిచాను, అక్కడక్కడా, ఎవరికెప్పుడు వస్తుందో తెలియకుండా. పెద్దవ్వను అన్నిటికంటే ఆఖరున పెట్టాను. ఆ మొఖం తర్వాత సినిమా లేదు.

హాలు కోసం మేం అడగనే లేదు. "నా సిన్మా ఏస్తున్నరు, హాలు తెరువు," అని పెద్దవ్వ కొడుకుతో చెప్పింది. తల్లి ఏదో పెళ్ళి వీడియో అంటోందనుకున్నాడు ఆయన. తల్లి మొఖం తెర మీద పడుతుందంటే మురిసిపోయి అందరికీ సమోసాలు కూడా చెప్పాడు. సంఘం మిత్రులను వెంటబెట్టుకొని, అందరికంటే వెనకగా వచ్చి, ముందు వరుస సోఫాలో కూర్చున్నాడు. చీకట్లో ప్రొజెక్టర్ దగ్గరున్న మమ్మల్ని చూడలేదు.

సినిమా మొదలైంది. జాకెట్టు బిగుతంటే మొదటి నవ్వు వినబడింది. చెయ్యి వదులంటే హాలంతా నవ్వింది. "దర్జీది మంచిగనే కుట్టింది, దీనికే ఏదో బిగుతున్నది!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. బోథ్ ఆమె నా మణికట్టు పట్టుకుంది. "నవ్విన్రే," అంది. గోళ్ళు దిగాయి. నేను చెయ్యి తీసుకోలేదు.

ఒళ్ళో తల పెట్టుకునే చోటు వచ్చింది. దారపు ముక్కలు ఏరుతోంది. సోఫాలో నీడ లేచి నిలబడింది.

"బంద్ చెయ్యిండ్రి! గిది గదే సిన్మా!"

"ఎవడ్రా అడ్డం నిలవడ్డది?" అంది పెద్దవ్వ.

"నేనే అవ్వా."

"నువ్వైతె ఏంది, నీ నెత్తి అద్దందా? జరుగు."

"అవ్వా, నీకెర్కలేదు. ఇండ్ల ఆడోళ్ళు ఆడోళ్ళు..."

"ఎర్కే. ఆ పొల్ల కుర్సెక్కి చెప్పింది. నా మొఖం ఇంక రాలే."

"మాది గూడ రాలే సేటూ!" వెనక నుంచి. "ఎండల కూసోని తీపించుకున్నం!" ఇంకో మూల నుంచి. "నా మొఖం వచ్చినంక నీ హాలు అమ్ముకో, ఎవలొద్దన్నరు!" సంఘం మిత్రుడొకాయన సేటుకు తోడుగా లేవబోయాడు. మూడో వరుసలోంచి ఆయన భార్య గొంతు మెల్లగా వచ్చింది, "కూసోండ్రి, నేను గూడ ఉన్న." ఆయన కూర్చున్నాడు.

సేటు గోడ దగ్గరికి పోయాడు. మెయిన్ స్విచ్ మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యిని నేను నెలల తరబడి మనసులో రోజూ విరిచాను. బోథ్ ఆమె నా మణికట్టు వదిలి ప్రొజెక్టర్‌ను రెండు చేతులా పట్టుకుంది. ఈసారి కూడా తెర నల్లబడితే ఆమె ఇక కెమెరా ముట్టదని నాకు తెలుసు.

పెద్దవ్వ కుర్చీలోంచి లేవలేదు, గొంతు పెంచలేదు.

"కొడుకా, అది ముట్టినవంటే, నేను సచ్చినంక కాకినై వచ్చి గూడ నీ పిండం ముట్ట."

మనిషి పోయాక పిండం పెట్టి, కాకి ముట్టేదాకా ఎండలో నిలబడి చేతులు జోడించిన కొడుకులు ఆ హాల్లో చాలామందే ఉన్నారు. సేటు చెయ్యి స్విచ్ మీద నుంచి జారింది. వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు. ఆమె ఆయన మణికట్టు పట్టుకొని ఒళ్ళో పెట్టుకుంది, బడి ఎగ్గొట్టే పిల్లవాడిని పట్టుకున్నట్టు.

విందు వచ్చింది. నేను తెర చూడలేదు, ఆయన్నే చూశాను. ఒక్కొక్క మొఖం వస్తుంటే "అగో నేను!", "గది నేనే!", "అబ్బ, ముక్కు గింత ఉన్నదా నాది!" అని హాలు ఊగుతోంది. ప్రతి కేకకూ ఆయన దవడ బిగుస్తోంది. ఆయన వాడకట్టు, ఆయన చుట్టాలు, ఆయన ఇంట్లో పనిచేసేవాళ్ళు, ఆయన సంఘం మిత్రుల భార్యలు, అందరూ ఆ ఇద్దరితో పాటు ఒకే పందిరి కింద కూర్చొని తింటున్నారు. ఎవర్ని తిట్టాలో ఆయనకు తెలియలేదు. ఆ మొఖం ఎంత తియ్యగా ఉందో చెబితే నన్ను మీరు చెడ్డదనుకుంటారు. అనుకోండి. కోవా తిన్నట్టుంది.

ఆఖరున పెద్దవ్వ మొఖం వచ్చింది. తెర నిండా. నల్లి బొక్క వేసి, జగడమాడకుండ పంచుకోండ్రి బిడ్డా అని, కొడుకు వైపే చూసి నవ్వినట్టు నవ్వింది. సినిమా అయిపోయింది. పెద్దవ్వ కొంగుతో మూతి తుడుచుకుంది.

"మల్ల ఎయ్యిండ్రి," అంది. "మొదటి సంది."

మళ్ళీ వేశాం. మొదటి నుంచి ఆఖరి దాకా. పెద్దవ్వ కొడుకు చెయ్యి వదల్లేదు.

అంతా అయ్యాక సేటు లేచి మైకు తీసుకున్నాడు. అదే మైకు. దగ్గాడు. "చెల్లె, ఆ పొద్దు నేనన్న మాటలు మంచియి కావు. అందరి ముంగట అన్న, అందరి ముంగట మాఫీ అడుగుతున్న," అని బోథ్ ఆమెకు చేతులు జోడించాడు. ఆమె ప్లేటులో మిగిలిన సమోసా తీసి ఆయన చేతిలో పెట్టింది.

ఆ తర్వాత మేం ఎవర్నీ అడుక్కోలేదు. పెద్దపల్లి ఆడవాళ్ళు ఫోన్ చేశారు, మమ్మల్ని కూడా పెట్టుండ్రి అని. పోయి అక్కడొక విందు తీశాం. వేరే ఊరివాళ్ళు పిలిచారు, అక్కడొకటి. ఎక్కడ చూపిస్తే అక్కడి మొఖాలు చేరుతున్నాయి. కథ అంతే ఉంది, విందు పెరుగుతోంది. ఇప్పుడు ప్రేమకంటే భోజనమే పొడుగు. పుణే పెద్దావిడ ఈ సంగతి విని ఫోన్లో పడీపడీ నవ్వింది, మా ఊళ్ళో విందు పనిచేయదే అంది. మీ ఊళ్ళో జనం దేనికోసం ఆఖరి దాకా కూర్చుంటారో అది వెతుక్కోమన్నాను. వెతుకుతోందట.

బోథ్ కూడా పోయాం. చర్చి కూటం ఆడవాళ్ళు సగంమందే వచ్చారు. బోథ్ ఆమె వాళ్ళ అవ్వ రానని కబురు పంపింది. షామియానా అంచున మాత్రం ఏదో పనున్నట్టు అటూ ఇటూ తిరిగింది. వడ్డన నడుస్తుంటే ఆగలేకపోయింది. డేగిసాలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకొని, "అగ బాయీ! గిది కూరేనా, ఉప్పు లేదు సున్నం లేదు!" అని ఉప్పు గిన్నె పట్టుకొని లోపలికి వచ్చి, వరుసగా అందరి పళ్ళాలలో చిటికెడు చిటికెడు వేసుకుంటూ, ఆ ఇద్దరి పళ్ళెంలో కూడా వేసి పోయింది. కెమెరా వైపు చూడలేదు. కూతురు వైపూ చూడలేదు. కాని మొఖం పడింది.

ఇక ఒప్పుకోవలసింది ఒకటుంది. బోథ్ అవ్వ ఉప్పు నిజం. నల్లి బొక్క నిజం. కాకి మాట, రెండోసారి వేయడం, అన్నీ నిజం. సేటు మాఫీ అడగడం మాత్రం నేను కల్పించాను. రెండోసారి తల్లి మొఖం రాగానే చెయ్యి విడిపించుకొని పక్క తలుపు నుంచి పోయాడు. మైకు ముట్టలేదు. ఇప్పటికీ నేనెదురైతే రోడ్డు దాటుతాడు. ఆయన హాల్లో పెళ్ళి పని మాకు ఇప్పటికీ రాదు.

ఇది చదివి బోథ్ ఆమె అంది, "ఆ ముక్క కొట్టెయ్. సిన్మా ఆఖరి దాక సూసిన్రు, నాకు గంతే సాలు."

ఆమెకు చాలు. నాకు చాలదు. ఆ హాలు ఏదో కరీంనగర్‌లో అందరికీ తెలుసు. ఇది చదివినవాళ్ళు, నా కల్పనని తెలిసి కూడా, ఆటపట్టించడానికి రేపు పెళ్ళికి పోయి ఆయన భుజం తడతారు, మంచి పని జేసినవ్ సేటూ, ఆడోళ్ళకు మాఫీ అడిగినవట అని. ఔనంటే మాఫీ అడిగినట్టే. కాదంటే, ఎందుకు అడగాల్సి వచ్చిందో మొదటి సంది చెప్పాలి, వంటింటి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న తల్లి వింటుండగా. చెప్పనీ.